ఉత్త దాగలి మీద దెబ్బ

ఓబులేసుకు కొలిమి పని వంటబట్టింది గానీ, కొలిమి ఆచారి మాత్రం కొరుకుడు పడలేదు.

పదకొండు నెలల కిందట, ముప్పై ఆరేళ్ళ వయసులో, ఎర్రమల కొండల అంచున ఉన్న మౌనాచారి దగ్గర పనికి చేరాడతను. ఆ వయసులో కొత్త విద్యేమిటని ఊళ్ళో నవ్వారు. నిజం చెప్పాలంటే కత్తులు చేయడం నేర్చుకోవాలన్న ఆశ అతనికి సగమే. భార్య సుంకులమ్మ పోయాక ఇంట్లో తన అడుగుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. కొలిమి అంటే నలుగురూ వచ్చిపోయే చోటు, అక్కడైనా మనిషి మాట చెవిన పడుతుందని వచ్చాడు.

వచ్చి వచ్చి ఎవరి దగ్గర పడ్డాడు! మౌనాచారికి ఆ పేరు ఏ ముహూర్తాన పెట్టారో గానీ, డెబ్బై ఏళ్ళుగా ఆయన దాన్ని నిలబెడుతూనే ఉన్నాడు. రైతు నాగటి కర్రు తెచ్చి పడేస్తే తల ఊపుతాడు. సాయంత్రం రమ్మని చేత్తో చూపిస్తాడు. గోడతో మాట్లాడినా నయం, మన గొంతైనా మనకు తిరిగి వినపడుతుంది.

పని మాత్రం మాటల్లేకుండానే సాగిపోయేది. ముసలాయన ఎడమచేతి పట్టకారుతో ఎర్రటి ఇనుమును దాగలి మీద పెడతాడు. కుడిచేతిలో చిన్న సుత్తి. ముందుగా దాంతో, ఇనుము లేని చోట, ఉత్త దాగలి మీద ఒక దెబ్బ వేస్తాడు. టంగుమంటుంది. ఆ తర్వాత ఇనుమును ఒకచోట తాకిస్తాడు. ఎదురుగా నిలబడ్డ ఓబులేసు సరిగ్గా అక్కడ సమ్మెట వేయాలి. సుత్తిని పక్కకు వాలిస్తే ఆపాలి.

తాను ఎదురుగానే, సమ్మెట పట్టుకుని సిద్ధంగా ఉండగా ఆ ఉత్త దెబ్బ దేనికో ఓబులేసుకు తెలియలేదు. ముసలితనపు చాదస్తం అనుకున్నాడు.

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం అతనికి ఉండబట్టలేదు.

"ఈ పొద్దుటికి రెండేండ్లు సామీ, మా సుంకులమ్మ పోయి."

అప్పుడే ఇనుము దాగలి మీదికి వచ్చింది. ముసలాయన తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. ఎప్పుడూ వేసే ఒక్క దెబ్బకు బదులు ఉత్త దాగలి మీద రెండుసార్లు కొట్టాడు. తర్వాత ఇనుమును తాకించాడు. అంతే.

ఓబులేసు సమ్మెట వేశాడు గానీ, లోపల ఏదో తెగిపోయింది. సొంత మనిషి పోయిందని చెబితే అయ్యో అనడానికి కూడా ఈయనకు నోరు రాలేదే అనుకున్నాడు. నెల రోజులు ఆ మాటనే నమిలి నమిలి, చివరకు ఒక పొద్దున తన బట్టల సంచి తెచ్చి గడప పక్కన పెట్టాడు.

"నేను పోతాండా సామీ. పోయేముందు ఒక కత్తి చేసుకుంటా. నా చేత్తోనే. ఎవురూ చెయ్యి పెట్టే పనిల్యా."

మౌనాచారి పాత ఇనుము కుప్పలో వెతికి, లారీ కమాను పట్టీ ముక్క ఒకటి తీశాడు. బొటనవేలి మందం ఉంది. దాన్ని ఓబులేసు చేతిలో పెట్టి, తన చిన్న సుత్తిని దాగలి మీద ఉంచి, గడపలోకి పోయి అటు తిరిగి కూర్చున్నాడు. ఒక కొడవలిని కాళ్ళ మధ్య పెట్టుకుని, అంచుకు పళ్ళు పడేలా కక్కు కొట్టడం మొదలుపెట్టాడు.

ఓబులేసు తిత్తి ఊదాడు. ఇనుము ఎరుపెక్కగానే లేచి, పట్టకారు అందుకుని, దాగలి దగ్గరికి వచ్చేసరికి సగం ఎరుపు దిగిపోయింది. ఆ కోపంలో నల్లబడ్డాక కూడా కొడుతూనే ఉన్నాడు. అంచు పగిలింది.

పగిలిన మేర నరికేసి మళ్ళీ కొలిమిలో పెట్టాడు. ఈసారి వేడి చాలదేమోనని ఆపకుండా ఊదాడు. ఇనుము తెల్లబడి చిటపటా రవ్వలు రాల్చింది. కొన మాడిపోయింది. దాన్నీ నరికేశాడు.

గడపలో కక్కు కొట్టే చప్పుడు ఆగలేదు. ముసలాయన తిరిగి చూడనూ లేదు.

మూడోసారి వేడి కుదిరింది. పండిన రేగుపండు రంగులో వచ్చింది ఇనుము. కానీ చిన్న సుత్తితో ఎంత కొట్టినా అంత మందం సాగదు. దానికి సమ్మెట పడాలి. సమ్మెటకు రెండు చేతులు కావాలి, పట్టకారుకు ఒకటి. ఓబులేసుకున్నవి రెండే.

ఎర్రటి ఇనుము ముందు అతను ఊరికే నిలబడిపోయాడు. సుంకులమ్మ పోయిన మర్నాడు ఇంటి వాకిట్లో నిలబడ్డట్టు.

అతనికి తెలియకుండానే సుత్తి పక్కకు జరిగి ఉత్త దాగలి మీద ఒక దెబ్బ వేసింది. టంగుమంది. తర్వాత ఇనుమును ఒకచోట తాకింది.

సరిగ్గా అక్కడ సమ్మెట పడింది.

ఓబులేసు ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా మౌనాచారి, తలపాగా జారిపోయి, సమ్మెట మళ్ళీ ఎత్తుతున్నాడు. ఇనుము చల్లారుతోంది, అడగడానికి వ్యవధి లేదు. ఓబులేసు టంగుమనిపించాడు, తాకించాడు. సమ్మెట పడింది. శిష్యుడు చూపిన చోటల్లా గురువు కొట్టాడు. డెబ్బై ఏళ్ళ ఒళ్ళు వగరుస్తోంది గానీ, దెబ్బ వెంట్రుకవాసి తప్పలేదు. ఓబులేసు సుత్తి పక్కకు వాల్చాకే ఆయన ఆగాడు.

ఇనుము కత్తి ఆకారానికి వస్తోంది.

"నేను పిల్చలేదే సామీ," అన్నాడు ఓబులేసు.

"పిలిస్తివి," అన్నాడు మౌనాచారి, ఊపిరి తీసుకుంటూ. "పదకొండు నెల్లుగా నేను నిన్ను పిలిచిందీ అట్లే."

ఓబులేసు కత్తిని మళ్ళీ కొలిమిలో పెట్టి, అది ఎరుపెక్కేదాకా తిత్తి ఊదాడు. అప్పుడు పట్టకారునూ సుత్తినీ ముసలాయన చేతికిచ్చి, సమ్మెట తాను తీసుకుని, తన పాత చోట నిలబడ్డాడు.

మౌనాచారి ఇనుమును దాగలి మీద పెట్టాడు. సుంకులమ్మ మాట చెప్పిన రోజులాగే అతని ముఖంలోకి చూశాడు. ఉత్త దాగలి మీద రెండుసార్లు కొట్టాడు.

ఓబులేసు సమ్మెట ఎత్తలేకపోయాడు. దానికి రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి కళ్ళు తుడుచుకుంటోంది.

ఇనుము ఎరుపు దిగిపోతున్నా ముసలాయన తొందరపెట్టలేదు.