కూత మింగిన కొండముచ్చు

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరూ అడక్కపోయినా సలహా ఇస్తాను. ఎవరైనా కాలు జారి పడితే, వాళ్లు లేచేలోపే చెప్పుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పేస్తాను. అందుకేనేమో, ఈ కథలో దుప్పి అంటే నాకు కాస్త ఎక్కువ ఇష్టం.

నల్లవాగు అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, ముంగిసలు, కొండముచ్చులు కలిసి ఉండేవి. వాటికి ఒక కట్టుబాటు ఉంది. కొండముచ్చు చెట్టు మీద కాపలా కాస్తుంది. పులి కనిపించినా, ఎవరైనా ఆపదలో పడినా కూత వేస్తుంది. కూత విన్నవాళ్లంతా పరుగెత్తుకు రావాలి.

ఆ అడవికి పెద్ద కొమ్ములరాయుడు అనే దుప్పి.

ఒక వేసవిలో అడవికి రెండు అలవాట్లు పట్టుకున్నాయి. దెబ్బ తగిలినవాళ్లు నొప్పి తగ్గాలని మగతకాయ తినేవారు. నొప్పి పోయేది, కాయ మీద మనసు మాత్రం పోయేది కాదు. ఎక్కువ తింటే ఊపిరి ఆగిపోయేది. ఆ మగత వదలాలని కొందరు చురుకాకు నమిలేవారు. దానితో తిండీ నిద్రా పోయి, గుండె దడదడలాడేది.

అందరూ ఉప్పు నాకడానికి చేరే చోట రాయుడు సభ పెట్టాడు.

"కాయ తిన్నవాణ్ణి వాగు దాటించేస్తాను. వాడి పక్కన కనిపించినవాణ్ణి కూడా," అన్నాడు. వాగు అవతల తోడేళ్లు ఉంటాయి.

బంగారి అనే ముంగిస ముందుకు వచ్చింది. "దొరా, కాయ తిని పడిపోయినవాళ్లను లేపే ఆకు నాకు తెలుసు. ముక్కులో పిండితే ఊపిరి తిరిగి వస్తుంది. దాన్ని ప్రతి దారిలోనూ ఉంచుదాం."

"లేపే ఆకు ఉందంటే అందరూ పడుకుంటారు," అన్నాడు రాయుడు. ఆ మాట తనకే బాగా నచ్చి, ఇంకోసారి అన్నాడు.

కాయ తినేవాళ్లు తగ్గలేదు. కనిపించడం మానేశారు, అంతే. పొదల్లో ఒంటరిగా తినసాగారు. అలా ఒక పొదలో భల్లయ్య అనే ఎలుగుబంటి ఊపిరాడక చనిపోయాడు. అతను పడిపోవడం చూసినవాళ్లు ఉన్నారు. కూత మాత్రం ఎవరూ వేయలేదు.

"చూశారా, కాయ తింటే ఏమవుతుందో," అన్నాడు రాయుడు. ఆ మాట నేనైతే ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

రాయుడి కొడుకు చుక్కన్న బండ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతుక్కుంది గానీ, నొప్పికని మొదలుపెట్టిన కాయ ఆగలేదు. తండ్రికి తెలియకూడదని చురుకాకు కూడా నమిలేవాడు.

"మావాణ్ణి చూడండి, ఎంత హుషారో," అని రాయుడు అందరికీ చూపించేవాడు.

ఒక మధ్యాహ్నం చుక్కన్న వెదురుపొద వెనక కూలిపోయాడు. పైనుంచి తోకమ్మ అనే కొండముచ్చు చూసింది. కూత గొంతుదాకా వచ్చింది. మింగేసింది. చప్పుడు కాకుండా కొమ్మల మీదుగా వెళ్లి బంగారి చెవిలో చెప్పింది.

బంగారి ఆకు కరుచుకుని పరుగెత్తింది. ఒక ఆకు పిండితే చుక్కన్న కదల్లేదు. ఇంకోటి పిండింది. అతను దగ్గి, గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. కానీ ఆలస్యమైనందుకు, ఆ తర్వాత అతని నడకలో తూలుడు ఉండిపోయింది.

కొడుకు దగ్గు విని రాయుడు రొప్పుతూ వచ్చి, కొమ్మ మీది తోకమ్మను చూశాడు. "తోకమ్మా, నా కొడుకు పడిపోతే కూత ఎందుకు వేయలేదు?"

"వేస్తే అబ్బాయిని వాగు దాటించేస్తారు కదా దొరా. నన్ను కూడా. నాకు చంకలో పిల్ల ఉంది."

రాయుడు కొడుకు ముఖం నాకి, మళ్లీ తోకమ్మ వైపు తిరిగాడు. "ఇప్పుడు వెయ్యి," అన్నాడు.

"లేచాడుగా దొరా, ఇప్పుడెందుకు?"

"అందరూ రావాలి. నేను చెప్పుకోవాల్సింది ఉంది."

అందరూ వచ్చారు. తన కొడుకూ కాయ తిన్నాడనీ, తన ఆజ్ఞ తప్పనీ రాయుడు చెప్పాడు.

"మా ఆయన పడిందీ పట్టపగలే బాబూ, చూసినవాళ్లూ ఉన్నారు," అంది భల్లయ్య భార్య.

ఆ రోజే రాయుడు పెద్దరికం వదులుకున్నాడు.

బంగారి పెద్ద అయింది. ప్రతి దారిలో లేపే ఆకు ఉంచింది. కూత వేసినవాళ్లను ఎవరూ ఏమీ అడక్కూడదంది. కాయ మానాలనుకున్నవాళ్లకు పొద్దున్నే ఒక చేదు బెరడు ఇచ్చేది, దానితో యావ తగ్గేది. చురుకాకుకు అలాంటి మందు లేదు. అది నమలకుండా ఉన్నవాళ్లకు ఉసిరికాయలు పెట్టేవారు, నిద్రపట్టేదాకా ఎవరో ఒకరు తోడు కూర్చునేవారు.

చుక్కన్న మానేశాడు, మళ్లీ తిన్నాడు, మళ్లీ మానేశాడు. తిన్న రోజున కూడా ఉప్పు దగ్గర అతని చోటు అతనికే ఉంచారు. బంగారి ఏ దారిన వెళ్లినా, ఎవరో ఒకరు గుడ్డు తెచ్చిపెట్టేవారు.

నీతి: పడినవాళ్లను ముందు లేపాలి, ఎందుకు పడ్డారన్నది తర్వాత చూసుకోవచ్చు. పక్కన కూర్చుని నోరు మూసుకోవడం మాత్రం నాకింకా రాలేదు.