పిచ్చుకలకి పెట్టిన ఉప్మా

పదో తరగతి పరీక్షలు అయిన మర్నాటి నుంచి మణిమాల తిండి మానేసింది. ఎవరికీ చెప్పలేదు. శ్రీరామనవమికి ఇంకా ఇరవై రోజులుంది. ఆ రోజు చలువ పందిట్లో, ఊరందరి ముందు, మొదటిసారి మృదంగం పట్టుకుని కూర్చోవాలి. ఆ లోపల పొట్ట తగ్గిపోవాలి. అదీ ఆ పిల్ల పట్టుదల.

కారణం చిన్నదే. అంటే, పెద్దవాళ్ళకి చిన్నది.

మాఘమాసంలో వాళ్ళ పిన్ని కూతురికి ఓణీల వేడుక చేశారు. బంధువులంతా "ఏదీ, ఒకసారి వాయించవే" అంటే, మణిమాల మృదంగం ముందు పెట్టుకుని కూర్చుంది. మేనత్త కొడుకు భార్గవ ఫోన్ పైకెత్తి ఫోటో తీస్తూ, "ఇందులో మృదంగం ఏదే మణీ? రెండూ గుండ్రంగానే ఉన్నాయి!" అన్నాడు.

అందరూ నవ్వారు. మణిమాల కూడా నవ్వింది.

ఇంటికి వెళ్ళాక ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంది. ఎన్నిసార్లు చూసుకుందో ఆ పిల్లకే తెలియాలి.

మా మామగారు పరాంకుశాచార్యులు గారు రామచంద్రపురంలో నలభై ఏళ్ళు మృదంగం నేర్పారు. రైసుమిల్లులో పనిచేసే వాళ్ళ నాన్న మణిమాలని తొమ్మిదో ఏట తీసుకొచ్చి ఆయన దగ్గర చేర్చాడు. పొద్దున్న ఆరింటికి పాఠం. పాఠం అయ్యాక, పెరుమాళ్ళకి ఆరగింపయిన ఫలహారం శిష్యులకి పెట్టడం మా అత్తగారు పెట్టిన ఆచారం. ఆవిడ పరమపదించాక అది నా చేతికి వచ్చింది.

ఆవిడ పెట్టిన ఆచారం ఇంకొకటి ఉంది. మృదంగానికి ఎడమ వైపు మూతని తొప్పి అంటారు. వాయించే ముందు దాని మధ్యలో తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దాలి. అప్పుడే 'తొం' అని నిండుగా పలుకుతుంది. వాయించడం అయ్యాక ఆ రవ్వ గీకి తీసెయ్యాలి. గీకిన రవ్వని మా ఇంట్లో పారెయ్యరు. పెరటి గోడ మీద పిచ్చుకలకి పెడతారు. "తొప్పి తినగా మిగిలింది వాటి వాటా" అనేవారు మా అత్తగారు.

ఒకరోజు బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్తే, గోడ మీద రవ్వ పక్కన ఉప్మా కనబడింది. చక్కగా రవ్వ ముద్దలాగే అదిమి పెట్టి ఉంది. రెండూ బొంబాయి రవ్వేగా, ఎవరు పోల్చుకుంటారులే అనుకుంది కాబోలు పాపం మణిమాల! కరివేపాకు సంగతి తట్టలేదు.

మామగారికి చెప్పాను.

"నేనూ నాలుగు రోజుల్నించి చూస్తున్నానమ్మాయ్" అన్నారాయన. "సగం పాఠానికే చెయ్యి సోలిపోతోంది. నవమికి పాడే కనకవల్లి గారు నిన్న విని వెళ్ళారు. 'ఈ పిల్ల గంటన్నర నిలబడుతుందా ఆచార్యులు గారూ, రాజమండ్రి నుంచి ఇంకెవరినన్నా పిలిపించనా' అని అడిగారు."

"మీరేమన్నారు?"

"వారం ఆగమన్నాను."

మర్నాడు పాఠం మధ్యలో మణిమాల చెయ్యి మృదంగం మీద పడకుండా చాప మీద పడింది. మొహం పాలిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి వీపు పట్టుకున్నాను. చేతికి ఏదో గట్టిగా తగిలింది. ఊపిరాడనంత బిగించి కట్టిన పట్టీ.

"ఏంటే ఇది?"

"నడుం పట్టీ అక్కా. ఫోన్లో ఓ వీడియోలో చెప్పారు. చెమట పట్టి కొవ్వు కరిగిపోతుందట. పది రోజుల్లో..."

ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చిచ్చాను. గ్లాసు పట్టుకుని ఒకటే చూస్తోంది, తాగితే ఎక్కడ నేరమవుతుందో అన్నట్టు. చివరికి తాగింది. తాగాక మామగారి వంక తిరిగి, తల వంచుకునే అడిగింది.

"మాస్టారూ, పొట్ట తగ్గాలంటే ఏం చెయ్యాలండీ?"

మామగారు ఒకసారి తన పొట్ట చూసుకున్నారు. ఆయన జంధ్యం దాని మీద కొండెక్కి దిగినట్టు ఉంటుంది.

"నన్నా అమ్మా అడుగుతున్నావు?"

ఆ పిల్లకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది. భార్గవ అన్న మాట అప్పుడు బయటపడింది. మామగారు అంతా విన్నారు. వాణ్ణి తిట్టలేదు, ఈమెని ఓదార్చలేదు.

"రేపు రా. తొప్పికి రవ్వ నేను పెట్టి ఉంచుతాను" అన్నారు.

మణిమాల కళ్ళు తుడుచుకుని నా వంక చూసింది. మా ఇంట్లో గురువు మృదంగానికైనా రవ్వ పెట్టేది శిష్యులే. శిష్యుల మృదంగానికి గురువు పెట్టడం నేనూ ఎరగను.

పొద్దున్న వచ్చేసరికి చాప మీద మృదంగం సిద్ధంగా ఉంది. మణిమాల దండం పెట్టుకుని కూర్చుని వాయించింది. కుడి మూత ఖంగుమంది. ఎడమ మూత ఖాళీ డబ్బాలా 'టప్' అంది.

వంగి చూసింది.

"మాస్టారూ, రవ్వ పెట్టలేదండీ."

"అవును. పందిట్లో నాజూగ్గా కనబడాలి కదా, ఎందుకొచ్చిన బరువని మానేశాను. వాయించు."

వేళాకోళమేమో అని ఆయన మొహంలోకి చూసింది. అక్కడ వేళాకోళం లేదు. వాయించింది. కుడి చెయ్యి పిలుస్తోంది, ఎడమ చెయ్యి పలకడం లేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. బావిలో బొక్కెన దిగుతోంది గానీ నీళ్ళు తగలడం లేదు, అలా ఉంది.

"గట్టిగా కొట్టు."

గట్టిగా కొట్టింది.

"ఇంకా గట్టిగా."

అరచెయ్యి ఎర్రబడింది. ఆపేసింది. "రాదండీ. ఎంత కొట్టినా చెయ్యి నొప్పే గానీ నాదం రాదు."

మామగారు రవ్వ గిన్నె లాక్కున్నారు. గిన్నెలో ఉన్నదంతా పిడికెడు ముద్ద చేసి తొప్పికి పట్టించారు.

"ఇప్పుడు?"

తడి గోనె నేల మీద పడినట్టు 'దబ్' అంది. మణిమాల ఫక్కున నవ్వింది. "అంత పెడితే ఎలాగండీ మాస్టారూ! మూసుకుపోయింది."

"నాకు చేతకాలేదు. నువ్వే చూసుకో" అని ఆయన గోడకి చేరగిలబడ్డారు.

మణిమాల ముద్ద చాలామట్టుకు గీకేసింది. వేలు తడిచేసుకుని, మిగిలిన దాన్ని గుండ్రంగా సవరించింది. చెవి దగ్గరగా వంచి తట్టింది. చిటికెడు తీసింది. మళ్ళీ తట్టింది. ఒక్క చుక్క నీళ్ళు అద్ది, బొటనవేలితో మెల్లిగా నొక్కింది. పసిపిల్ల నోరు తుడిచినట్టు చేస్తుంది ఆ పని, మొదటినుంచీ.

'తొం.'

వంటింట్లో నా ఇత్తడి చెంబు సన్నగా మోగింది.

"ఎంత పెట్టావు?" అన్నారు మామగారు.

"కొలతేముందండీ? పలికినంత."

అని, అక్కడే ఆగిపోయింది.

మామగారు కండువా దులిపి భుజాన వేసుకుని పెరుమాళ్ళ గదిలోకి వెళ్ళిపోయారు.

మణిమాల తొప్పి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత వంటింట్లోకి వచ్చింది. గోడ వైపు తిరిగి పట్టీ విప్పి, మడతపెట్టి, పుస్తకాల సంచిలో పడేసింది.

"ఇవాళ ఏంటక్కా?"

"ఉప్మా."

సిగ్గుపడి నవ్వింది.

"పిచ్చుకలకి కాస్త తీసి ఉంచనా?" అన్నాను.

"వాటి రవ్వ వాటికుందిగా."

కూర్చుని తిన్నది. ఇంకాస్త పెట్టించుకుంది. మూడోసారి గరిట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టి, "చాలక్కా" అంది. ఆ చాలు అనడంలో భయం లేదు. అది నాకు బాగా గుర్తు.

సాయంత్రం మామగారు చెప్పులేసుకుని మణిమాల వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డారట. "నన్ను డాక్టరు నడవమన్నాడమ్మా. ఒక్కణ్ణీ వెళ్తే ఏ అరుగు మీదో కూలబడతాను. తోడు రా." ఆ రోజు నుంచి కాలువ గట్టు మీద ఇద్దరూ రోజూ నడిచేవారు. ఆయన తకధిమి అంటే ఈమె అడుగు వెయ్యాలి, తాళం తప్పితే మళ్ళీ మొదటికి. ఒకనాడు ఉండబట్టలేక, "పొట్ట ఒక్కటే తగ్గే ఉపాయం లేదా మాస్టారూ?" అని అడిగిందట. "ఎడమ మూత ఒక్కటే పట్టుకుని కచేరీ చేసి రా, అప్పుడు చెబుతాను" అన్నారట.

సాయంత్రంపూట మిక్చరు పొట్లం, కూల్‌డ్రింకు దానంతటదే మానేసింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వాళ్ళమ్మ చేతికిచ్చి పడుకునేది. వంతెన దగ్గర మిరపకాయ బజ్జీల బండి ఉంది. వారానికోసారి గురుశిష్యులిద్దరూ అక్కడ ఆగేవారు. నాకు తెలియదనుకునేవారు.

కనకవల్లి గారు వారం తర్వాత వచ్చి, గంటసేపు పాడి, "రాజమండ్రికి కబురెందుకు లెండి" అనేసి వెళ్ళారు.

నవమి నాటికి పొట్ట తగ్గిందా అంటే, లేదు. ఇరవై రోజుల్లో ఏ పొట్టా తగ్గదు. ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు తెలుసు. మొహంలోకి మాత్రం రక్తం వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం లేదు.

కల్యాణం అయింది. పానకం, వడపప్పు పంచారు. పందిట్లో ముందు వరసలో భార్గవ కూర్చున్నాడు, చేతిలో ఫోన్ ఉండనే ఉంది. మణిమాల వేదిక వెనకనుంచి చూసింది. చెయ్యి అప్రయత్నంగా ఓణీ మీదికి వెళ్ళింది, పొట్ట మీదికి లాక్కోవడానికి. లాక్కోలేదు. కుచ్చిళ్ళు మాత్రం సరిచేసుకుని నా వైపు తిరిగింది.

"అక్కా, ఆకలేస్తోంది."

పెరుమాళ్ళకి ఆరగింపయిన దద్ధ్యోజనం నా గిన్నెలో ఉంది. అరిటాకు ముక్కలో పెట్టాను. వేదిక వెనక మెట్టు మీద కూర్చుని, తొందరపడకుండా, వేళ్ళు నాకి మరీ తిన్నది. చెయ్యి కడుక్కుని వేదికెక్కింది. రవ్వ తడిపి తొప్పికి అద్దుకుంది.

మామగారు వెనకగా వచ్చి కూర్చున్నారు. మైకు వాళ్ళు తీగలు సర్దుతున్నారు. ఆయన కాస్త ముందుకి వంగి, ఆమెకి మాత్రమే వినబడేలా అడిగారు.

"ఎంత తిన్నావమ్మా?"

మణిమాల వెనక్కి తిరగలేదు. ఎడమ చెయ్యెత్తి, ఒక్కసారి తట్టింది.

'తొం.'

పందిరి చివర్న పానకం గ్లాసులతో అల్లరి చేస్తున్న పిల్లలు కూడా ఇటు తిరిగారు.