పైడమ్మ పట్టుకున్న తాడు

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరుండేదమ్మా. ఆ ఊరి ఆడవాళ్ళు అమ్మవారి జాతరకి జడ కోలాటం ఆడేవాళ్ళు. పైన దూలానికి రంగురంగుల తాళ్ళు వేలాడేవి. తలా ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కోల పట్టుకుని గుండ్రంగా ఆడుతుంటే తాళ్ళన్నీ జడలా అల్లుకునేవి. ఆట నేర్పే సూరీడమ్మ “మళ్ళండి” అనగానే అందరూ వెనక్కి తిరగాలి. అప్పుడు జడ విడిపోతుంది. ఒక్కరు తిరగకపోయినా చిక్కు పడుతుంది.

అందరికంటే ముందు తాడు పైడమ్మది. పెళ్ళి కాకముందు నుంచీ ఆమే పట్టుకునేది. ఆ తాడంటే ఆమెకు ప్రాణం.

ఆ ఏడు జాతరకి ముందురోజు ఆడి చూసుకుంటున్నారు. డప్పు మోగింది, చిడతలు మోగాయి. సూరీడమ్మ “మళ్ళండి” అంది. పైడమ్మ ముందుకే పోయింది. జడ చిక్కుపడింది.

విప్పుకుని మళ్ళీ ఆడారు. అప్పుడు సూరీడమ్మ ఇంకా గట్టిగా అరిచింది. మళ్ళీ చిక్కే. ఆ తర్వాత పైడమ్మ వెనకాలే నిలబడి అరిచింది. మూడోసారీ చిక్కే.

పైడమ్మ వెనక తాడు తవుడమ్మది. ఆమె మూతి తిప్పింది.

“ఇంట్లో గిన్నె మూత కదిలితే పెరట్లోంచి వింటుంది. ఇక్కడ మాత్రం మాట చెవికెక్కదు. ముందు తాడు కదా, ఆ మాత్రం పొగరుంటుందిలే.”

సూరీడమ్మకి విసుగొచ్చింది. “రేపే జాతర. ఈ ఏటికి నువ్వు కూర్చో పైడమ్మా, తాడు తవుడమ్మకిద్దాం” అంది. పైడమ్మ తాడు వదిలేసి అరుగు మీద కూర్చుంది.

అప్పుడు డప్పు కొట్టే అప్పన్న టీ తాగడానికి వెళ్ళాడు. చప్పుడంతా ఆగింది. సూరీడమ్మ వచ్చి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. “కోపమొచ్చిందా?”

“కోపం కాదు వదినా, భయం” అంది పైడమ్మ వెంటనే.

“ఇంత మెల్లగా అంటే వినపడిందే. మరి అంత అరిస్తే వినపడలేదా?”

“నీ గొంతు వినపడుతుంది. మాటే తెలియదు. డప్పు, చిడతలు, నువ్వు అంతా కలిసి ముద్దయిపోతుంది. ఈ మధ్యే ఇలా అవుతోంది. చెబితే తాడు తీసేసుకుంటారని చెప్పలేదు.”

 అప్పన్న రాగానే సూరీడమ్మ అంది. “నేను చెయ్యెత్తితే డప్పు ఆపు, చిడతలూ ఆపించు.”

“ఆపితే ఆట చప్పబడిపోదూ?”

“జడ చిక్కుపడితే చప్పబడదా?”

“ఆపుతాలే తల్లీ, నీతో ఎవరు పడతారు.”

తాడు మళ్ళీ పైడమ్మ చేతికొచ్చింది. ఆట జోరందుకుంది. ఈసారి సూరీడమ్మ పైడమ్మకి ఎదురుగా వచ్చి చెయ్యెత్తింది. డప్పు ఆగింది, చిడతలు ఆగాయి. ఆ సందులో “మళ్ళండి” అంది. పైడమ్మ ఆమె ముఖం చూసింది, మాట వింది, తిరిగింది. జడ చక్కగా విడిపోయింది.

తవుడమ్మ “హమ్మయ్య” అని ఊపిరి వదిలి, పైడమ్మతో అంది. “ఆ గోలలో నాకూ సరిగ్గా వినపడేది కాదు వదినా. ఇన్నాళ్ళూ నీ కాళ్ళు చూసే తిరిగాను.”

“మరి నన్నెందుకు అన్నావే?”

“నువ్వు తప్పితే నేనూ తప్పాలి కదా.”

అందరూ నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది.

మర్నాడు జాతర్లో ఎంత జనం, ఎన్ని మైకులు. అయినా సూరీడమ్మ చెయ్యి లేచింది, డప్పు ఆగింది, ఒక్క చిక్కూ పడలేదు.

“జాతర అయిందిగా, రేపు టౌనుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపిద్దాం” అంది సూరీడమ్మ.

“ఇప్పుడు ఎక్కడికన్నా వస్తాను వదినా” అంది పైడమ్మ. “తాడు నా దగ్గరే ఉందిగా.”

కోలలు చేరె గూటికి,
కథ చేరె కంచికి,
ఇక నిద్ర చేరాలి నా బంగారు కంటికి.