సుంకవ్వ కంత

అనగా అనగా, ఇండ్లకు ఇంకా మట్టిగోడలే పెడతాండే కాలంలో ఒక ఊరుండె. ఊరి పేరు నన్నడగొద్దు. ఊఁ కొడితే చెప్తా, కొట్టకపోతే లేసిపోతా.

ఆ ఊర్లో సుంకవ్వ అని ఒక ముసలామె ఉండె. మొగుడు లేడు, బిడ్డలు లేరు, తనదని చెప్పుకునేకి జానెడు గోడ లేదు. ఊరోళ్ళ ఇండ్లకాడ మట్టి తొక్కేది, కంతలు పూడ్చేది. కంతలంటే ఏమో అనుకునేరు. గోడ లేసేకొద్దీ మేస్త్రి ఎక్కి నిలబడేకి గోడలోనే కర్రలు గుచ్చి పరంజా కడతారు. పని అయినాక కర్రలు పీకేస్తారు. కర్ర ఉన్నచోటల్లా కంత మిగుల్తుంది. దాంట్లో మట్టిముద్ద కొట్టి, చేత్తో నున్నగా మెత్తాల. ఆ పని సుంకవ్వది. బక్క ప్రాణం, ఆమె ఎక్కితే పరంజా కిర్రుమని కూడా అనదు.

ఆ ఊరి చెన్నరాయశెట్టి కొత్తిల్లు కట్టిస్తాండె. శెట్టికి పట్టింపులు జాస్తి. ఇంటికి కప్పు పడినాక మూఢమొచ్చిందని పని ఆపించినాడు. మనుషులకు మూఢం గానీ గోరింకలకేం మూఢం? అలికిడి లేని ఇల్లు చూసుకొని, చూరు కింద కంతలో ఒక జత కాపురం పెట్టేసింది. మూఢం పోయి పనోళ్ళు తిరిగొచ్చేసరికి కంతలో పిల్లలు. ఒంటిమీద ఈకల్లేవు, నోర్లు మాత్రం ఇంతింత తెరుచుకొని ఉండాయి.

సుంకవ్వ కంతలన్నీ పూడ్చుకుంటా వచ్చి, ఆ ఒక్కటి వదిలేసింది.

నబీసాబు మేస్త్రి కిందనుంచి అరిచినాడు. "ఏమవ్వా, అదొకటి మర్చిపోయినావే?"

"మర్చిపోలేదు నాయనా. పూడుస్తా. పిల్లలు ఎగరనీ."

మేస్త్రి పైకెక్కి తొంగి చూసినాడు. తల్లిగోరింక వచ్చి తలపాగా మీద ఒక్కటి పొడిచింది. "అమ్మో, నాకెందుకొచ్చింది! శెట్టికి నువ్వే చెప్పుకో" అని దిగిపోయినాడు.

శెట్టి వచ్చినాడు. "ఏం సుంకవ్వా, ముహూర్తం దగ్గర పడింది. ఆ కంత సంగతేంది?"

"పూడుస్తా సామీ. పిల్లలు ఎగరనీ."

"మతి పోయిందా నీకు? గోడకు కంత పెట్టుకొని ఇంట్లో ఎవరైనా చేరతారా?" అని గొణుక్కుంటా పోయినాడు.

ఇంట్లో చేరే రోజు రానే వచ్చింది. తోరణం కట్టినారు, ఆవును తోలుకొచ్చినారు. తలెత్తి చూస్తే కంత అట్లే ఉండాది. దాని ముందర రెండు పరంజా కర్రలుండాయి. వాటిమీద సుంకవ్వ కూర్చోనుండాది.

శెట్టికి ఒళ్ళు మండింది. "దిగుతావా, దించమంటావా?"

"పూడుస్తా సామీ. పిల్లలు ఎగరనీ."

అప్పుడు శెట్టి గొంతు మారింది. ఆయనకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయినారు. మిగిలింది ఒక్క పాప. అది కూడా భార్య శేషమ్మ సంకలో ఎప్పుడూ దగ్గుతానే ఉంటాది. "అవ్వా, ఇంటికి కంతుంటే దయ్యం గాలి దూరుతుందంటారు. ఇది కూడా దక్కకపోతే నేనేమైపోవాల? నాకు భయంగా ఉండాది" అన్నాడు, ఊరందరి ముందర.

సుంకవ్వకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. "నీ భయం నాకు తెలుసు సామీ. కానీ ప్రాణముండే వాటిమీద మట్టి కొట్టేకి నాకు చెయ్యి రాదు. ఈ కంతలో గాలి దూరేదుంటే ముందు నాకే తగలనీ. ఏ కీడొచ్చినా నాకే రానీ. అవి ఎగిరేదాకా ఇక్కన్నుంచి కదలను."

శేషమ్మ పాపను ఎగదోసుకొని ముందుకొచ్చింది. "అవ్వ ఉంటానంది కదా. పదండి" అని కుడికాలు లోపల పెట్టింది.

సుంకవ్వ ఎండకెండింది, గాలికి వణికింది, వానకు తడిసింది. శేషమ్మ చెంబుతో గంజి పైకందిస్తాండె. ఒకరోజు పిల్లలన్నీ ఎగిరిపోయినాయి. సుంకవ్వ దిగింది. దిగినామె దిగినట్లే జ్వరంతో పడుకొని మళ్ళీ లేవలేదు.

గాలి తగిలే పోయిందని ఊరంతా అనె. నేనైతే అనను. ముసలిది, వానలో నానింది, జ్వరమొచ్చి చచ్చిపోయింది, అంతే. ఆ మాట అప్పుడు శెట్టితో అనుంటే కర్రెత్తుకొని వచ్చేటోడు! పాపకు ఆ యేడే దగ్గు పోయింది మరి.

మట్టిముద్ద తీసుకొని మేస్త్రి కంతకాడికి ఎక్కబోతే శెట్టి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. ఆమె పూడుస్తానన్నది. ఆమె పని ఇంకొకరు చెయ్యొద్దు."

ఆ పాప పెరిగి, పెండ్లయి, తన ఇల్లు కట్టుకునేటప్పుడు చూరు కింద ఒక కంత వదలమంది. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి ఇంకొకరు వదిలినారు. ఇప్పుడు సిమెంటు మిద్దెలొచ్చినా మా పక్క ఒక కంత వదలందే ఇంట్లో చేరరు. కొత్త మేస్త్రి ఎవరైనా తాపీ పట్టుకొని, "అమ్మా, పైన ఒకటి మిగిలింది, పూడ్చేదా?" అని అడిగితే, లోపల్నుంచి ఆడోళ్ళు చేసే పని ఆపకుండానే అంటారు.

"దాని జోలికి పోవద్దు నాయనా. అది సుంకవ్వ వచ్చి పూడుస్తాది."