తప్పొప్పుల చీటీ

పిల్లలూ, చింతపండు పిక్కలు తీసే పని కాసేపు ఆపి ఒకటి అడుగుతాను. తప్పును దిద్దాక ఆ దిద్దిన ఆనవాలు కనబడాలా, కనబడకూడదా? తొందరపడి చెప్పేయకండి. హైమవతి అలాగే తొందరపడింది.

హైమవతి గురువు వరహాలాచారి గారు నాటువైద్యంలో పండిపోయిన మనిషి. ఆయన చెప్పిన చిట్కాలన్నీ ఆమే రాసిపెట్టి, మూడొందల ప్రతులు అచ్చు వేయించింది. అవే ఇంటర్నెట్‌లోనూ పెట్టింది. తీరా చూసుకుంటే, చంటిపిల్లలకు ఆముదం రెండు చుక్కలు అనవలసిన చోట రెండు చెంచాలు అని రాసేసింది! అచ్చులోనూ అదే, నెట్‌లోనూ అదే.

నెట్‌లోది నిమిషంలో మార్చేసింది. పుస్తకాలకు మాత్రం గురువుగారు తప్పొప్పుల చీటీలు వేయించి, మైదా జిగురు కాచి, ఒక్కో ప్రతికీ తన చేత్తో అంటించారు. అప్పటికే అమ్ముడైన నలభై ప్రతుల కోసం ఇల్లిల్లూ తిరిగారు.

"ఎందుకండీ ఈ తంటా? అచ్చుకన్నా నెట్టే నయం కాదూ? అక్కడ తప్పు జరిగినట్టే ఎవరికీ తెలియదు" అంది హైమవతి.

ఆయన జిగురు గిన్నె ఆమె వైపు జరిపారు.

మర్నాడు గంగరత్నం వచ్చింది. చంకలో పిల్ల. ఒక చేతిలో పొరుగింటివాళ్ళ పుస్తకం, చీటీ అంటించినది. దాని మధ్యలో ఒక కాగితం, ఆమె మరిది అంతకు ముందెప్పుడో నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించినది.

"నెట్‌లోది కొత్తది కదాని చెంచాతోనే పోయబోయానమ్మా. పుస్తకంలో ఈ చీటీ చూసి చెయ్యి ఆగింది. ఇంతకీ ఏది నిజం?"

హైమవతి ఆ కాగితం వంక చూసింది. "చుక్కలే! నెట్‌లో ఎప్పుడో దిద్దేశాను కదా!"

"దిద్దినట్టు ఈ కాగితానికి ఎవరు చెప్పారు?"

హైమవతికి అంతా అయోమయమైపోయింది. తప్పే లేని చోటి నుంచి తప్పు నడిచి వచ్చింది. తప్పున్న పుస్తకమేమో పిల్లను కాసింది. పోనీ నెట్‌లోనూ ఒక చీటీ పెడితే? ముందే తీసుకున్న కాగితాలకు అదెలా అంటుతుంది? పోనీ అచ్చే మేలందామా అంటే, గురువుగారు ఎంత తిరిగినా ఏడు ప్రతులు దొరకనే లేదు.

"ఇక దేన్ని నమ్మమంటారండీ?" అంది గురువుగారితో.

వరహాలాచారి గారు గంగరత్నం కాగితం అందుకుని, దానికీ ఒక చీటీ అంటించి ఇచ్చారు. మిగిలిన చీటీలు సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కున్నారు.

"ఆ నెట్ సెంటరు ఎంత దూరమమ్మా?" అన్నారు.

మరి హైమవతికి జవాబు దొరికిందా అంటారా? మీరే ఆలోచించుకోండి. చింతపండు పిక్కలు ఇంకా సగం అలాగే ఉన్నాయి, నేను వెళ్ళాలి.