మోకాలి లోతు

సింధూర సీసాలను ఎవరూ ముట్టుకోకూడదు. యూనివర్సిటీలో పర్యావరణ విభాగం మొత్తానికీ తెలిసిన సంగతే ఇది. చెరువు నీళ్ళు తెచ్చేది తనే, పరీక్షించేది తనే, చీటీ రాసి అంటించేదీ తనే. హాస్టల్లో తన గదిలోనే ఉండే ఫర్హానా ఒకసారి ఓ సీసాను పక్కకు జరిపిందని రోజంతా అలిగి కూర్చుంది.

ఈసారి తగువు అంతకన్నా పెద్దది. సింధూర చదివింది రసాయన శాస్త్రం, ఫర్హానాది చరిత్ర. కృపాదానం మాస్టారి దగ్గర పద్ధతే అంత, వేర్వేరు చదువుల వాళ్ళను జంటకట్టి ఒకే నివేదిక రాయిస్తారు. మూడేళ్ళ కిందట ఈ ఇద్దరికీ ఊరి చివర చెరువు వచ్చింది. నీళ్ళు ఏటికేడు శుభ్రపడుతున్నాయని సింధూర లెక్కలు తేల్చాయి. పాత పటాలు తిరగేసి, గట్టు మీది పెద్దవాళ్ళను అడిగి, చెరువు చచ్చిపోతోందని ఫర్హానా రాసింది.

మాటా మాటా పెరిగింది. "నావి లెక్కలు. నీవి ముసలమ్మల కబుర్లు" అనేసింది సింధూర. ఫర్హానా ఆ రాత్రే పరుపు చుట్టుకుని పక్క గదికి వెళ్ళిపోయింది.

ఖాళీ మంచం చూస్తుంటే సింధూరకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా మొండికెత్తింది. పొద్దున్నే మాస్టారి గదికి వెళ్ళింది.

"సార్, నా భాగం నేను విడిగా ఇచ్చేస్తాను. ఆ పిల్లతో నాకు కుదరదు."

మాస్టారు జామకాయ కోస్తున్నారు. ఒక ముక్కకు ఉప్పూకారం అద్ది ఆమె చేతిలో పెట్టారు.

"నీళ్ళు ఎలా తీస్తావమ్మా నువ్వు?"

"గట్టు దిగి, మోకాలి లోతు దాకా వెళ్ళి సీసా ముంచుతాను సార్. మూడేళ్ళలో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. మొదటిసారి ఎలా తీశానో మొన్నా అలాగే తీశాను."

"మంచి పద్ధతి" అన్నారాయన. నిజంగానే మెచ్చుకున్నారు. "ఒక ఖాళీ సీసా తెచ్చుకో. ఫర్హానాను కూడా పిలువు. చెరువు దాకా వెళ్ళొద్దాం."

ఆటోలో మాస్టారు మధ్యలో ఇరుక్కుని కూర్చున్నారు. అటొకరు ఇటొకరు రోడ్డు చూస్తూ కూర్చున్నారు. తన పళ్ళు కదులుతున్నాయి కాబట్టి కాయంతా వాళ్ళిద్దరే తినాలని చెప్పి ముక్కలు పంచిపెట్టారు. ఇద్దరూ తిన్నారు గాని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చెరువు దగ్గర దిగాక ఆయన అడిగారు. "మొట్టమొదట ఎక్కడ తీశావు?"

"చాకిరేవు బండల పక్కన సార్. ఊరి మురుగు కాలువ వచ్చి కలిసేది అక్కడే."

"పద, చూద్దాం."

బండలు ఉన్నచోటే ఉన్నాయి. నీళ్ళే లేవు. ఎర్రమట్టి పోసి చదును చేసి, హద్దురాళ్ళు పాతారు. కాలువ కలిసే మూల కూడా ఆ మట్టి కిందికే పోయింది. ఒక బండ మీద ఎవరో తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నారు. చెరువు ఎక్కడో గుర్రపుడెక్క అవతల మెరుస్తోంది.

సింధూర ఇదంతా చూడనిదేమీ కాదు. వచ్చిన ప్రతిసారీ బండలు ఇంకొంచెం వెనక్కి పోయేవి. మోకాలి లోతు వెతుక్కుంటూ తను మురుగుకు దూరంగా ఇంకొంచెం ముందుకు నడిచేది. నేల సంగతి తన చదువులోది కాదనుకుంది, అంతే.

మాస్టారు గొడుగు తెరిచి ఆమె తలమీదికి పట్టారు.

"ఇక్కడ ఒక సీసా నింపుకో తల్లీ."

ఆ గొంతులో వెక్కిరింపు లేదు. ఎంతసేపైనా ఆగేలా నిలబడ్డారు. సింధూర అలవాటు చొప్పున ప్యాంటు మోకాళ్ళదాకా మడిచింది. మూత తీసింది. వంగింది. పొడి మట్టి మీద సీసా పట్టుకుని అలాగే ఉండిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రాత్రి తను అన్న మాట గుర్తొచ్చి అంతకన్నా ఎక్కువ బాధేసింది.

ఫర్హానా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మొదటి రోజు నీ చెప్పు బురదలో దిగబడిపోయింది ఇక్కడే" అంది మెల్లగా. "ఎంత లాగినా రాలేదు."

"ఒంటి చెప్పుతో హాస్టల్ దాకా నడిపించావు నన్ను."

"నా చెప్పు ఇస్తానంటే నువ్వే వద్దన్నావు."

ఇద్దరూ కాళ్ళ కింది మట్టిని చూశారు. ఆ చెప్పు ఇంకా అక్కడే ఎక్కడో ఉండాలి.

"నిండిందా?" అన్నారు మాస్టారు.

సింధూర ఖాళీ సీసాను ఎండకెత్తి చూసింది. మూత గట్టిగా బిగించింది.

"నిండింది సార్."

సంచిలోంచి చీటీ, పెన్నూ తీసింది. రాయబోయి ఆగింది. సీసాతో సహా వాటిని ఫర్హానా చేతిలో పెట్టింది.

"దీనికి చీటీ నువ్వు రాయవే."