గోడ లోపలి బావి

రుద్రయ్య స్వామిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆ సంగతి తెలిసి కూడా చెన్నబసవ ఒక సాయంత్రం నోరు ఊరుకోక అడిగాడు.

చెన్నబసవ ఆశ్రమంలో పెద్ద శిష్యుడు. ఏటా వేసవిలో ఆశ్రమం గేటు బయట చలివేంద్రం నడిపేది అతనే. పక్క పల్లె జనం ఎండలో వరసగా నిలబడితే, తడిబట్టతో మడిగట్టుకుని, ఇంటికో బిందె చొప్పున ఆశ్రమం బావి నీళ్ళు తన చేతులతోనే పోసేవాడు.

"స్వామీ, ఇంత చేస్తున్నా పల్లెవాళ్ళలో ఒక్కరూ దండం పెట్టరు. ఆ సుంకులమ్మ అయితే నా ముఖం కూడా చూడదు. నీళ్ళు లేని పల్లెలో పుట్టారంటే అది పూర్వజన్మ పాపమే కదా! దాన్ని మనం కాస్త కడుగుతుంటే ఆ విశ్వాసమైనా ఉండొద్దా? ఇలాంటివాళ్ళకు దానం చేస్తే పుణ్యం తగ్గదా?"

స్వామి, "రేపు నీళ్ళు సుంకులమ్మ చేత తోడించు" అన్నారు.

బావి ఉన్నది లోపల, గోశాల వెనక. దానికి మైల తగలకూడదనే, స్వామి దేశాటనలో ఉండగా చెన్నబసవ ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి ఈ ప్రహరీ కట్టించాడు. గేటు తాళంచెవి ఇప్పటికీ అతని మొలతాడుకే వేలాడుతోంది. అయినా గురువు మాట, కాదనడానికి లేదు.

తెల్లవారి తాళం తీశాడు. సుంకులమ్మ తలమీది చెంగు సర్దుకుని లోపలికి వచ్చింది. నడివయసు దాటిన మనిషి. దారి చూపిద్దామని అతను చెయ్యి ఎత్తేలోపే గోశాల పక్కగా మలుపు తిరిగింది. బావి దగ్గరికి వెళ్ళి చేద అందుకోలేదు. గట్టు మీద కూర్చుని, అరిగిన రాతిని అరచేత్తో నిమురుతూ ఏడ్చింది.

చెన్నబసవకు మహా సంతోషం కలిగింది. పవిత్రస్థలంలో కాలు పెట్టగానే ఎంత మొండి మనసైనా కరుగుతుందని అతని లెక్క.

"స్వామివారి మహిమ తెలిసిందా సుంకులమ్మా?" అన్నాడు.

"మహిమ ఏంది సామీ? ఇది మా మామ తవ్విండే బాయి. నువ్వు గోడ కడతాన్నప్పుడు మాకింత దోవ వదలమని అడిగేకి వస్తి. నేను నోరు తెరవకముందే దోసిట్లో పులగం పెట్టి పంపిస్తివి."

చెన్నబసవకు ఆ రోజు గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడమేమిటి, మరచిపోతే కదా! పునాది తీసిన రోజే ఒక పేదరాలు ఆకలితో వచ్చిందనీ, తన వంతు ప్రసాదం ఆమెకు పెట్టి తాను పస్తున్నాననీ ఎన్ని సభల్లో చెప్పుకున్నాడో! ఏం కావాలమ్మా అని ఒక్కమాట అడగలేదు. గేటు దగ్గర చేతులు చాచి నిలబడ్డవాళ్ళు అన్నం కోసం కాక మరెందుకు వస్తారు అనుకున్నాడు.

ఇంతలో స్వామి వచ్చారు. గట్టు దగ్గర వంగి దోసిలి పట్టారు. సుంకులమ్మ కంగారుపడి, చేద వేసి తోడి పోసింది. ఆయన తాగి, తల పైకెత్తకుండానే మూతి తుడుచుకున్నారు.

"గోడ చూసి, బాగా కట్టావని మెచ్చుకున్నాను నేను. బావి ఎవరిదని నేనూ అడగలేదు."

చెన్నబసవ మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎలా ఇవ్వాలో తెలియక గుప్పిట్లోనే బిగించుకుని నిలబడ్డాడు. సుంకులమ్మ ముఖంలోకి చూద్దామనుకున్నాడు, చూడలేకపోయాడు.

స్వామి మెల్లగా అన్నారు:

"నిన్న నన్నేదో అడిగావు చెన్నబసవా. మళ్ళీ ఒకసారి అడుగు, ఆమె కూడా వింటుంది."